వాన వెలియు వేళ: అద్దంకి సీమలో వాతావరణ సూచన

ఆశ్వయుజ మాసపు తొలి దినములలో అద్దంకి చుట్టుపట్ల పొలములు చూచినవారికి ఈ దృశ్యము పరిచితమే. మూడు నాలుగు దినములు విడువక పట్టిన ముసురు కొంచెము తెరపి ఇచ్చినది. గుండ్లకమ్మలో బురదనీరు పారుచున్నది. నల్లరేగడి చేలలో కాలు మోపినచో పిక్కవరకు దిగబడును. ముందుగా విత్తిన ప్రత్తిచేలలో అడుగుకాయలు పగులుటకు సిద్ధముగా నున్నవి. మిరపనారు కొందరికి ఇంకను నారుమడిలోనే యున్నది. కొందరిది చేలలో నాటుకొని ఇప్పుడిప్పుడే వేరు తన్నుచున్నది. రైతు గట్టుమీద నిలిచి ఆకాశమువైపు చూచును. అతనికి కావలసిన జవాబు ఒక్కటే: వాన వెలిసినదా, లేక ఊపిరి తీసికొనుచున్నదా?

ఈ జవాబునకు ధర కలదు. పగిలిన ప్రత్తి తడిసినచో దూది రంగు మారును, మార్కెట్టులో ఒక మెట్టు దిగును. నారుమడిలో నీరు నిలిచినచో నారుకుళ్ళు తెగులు పుట్టి మొక్కలు మొదలు మెత్తబడి ఒరిగిపోవును. మందు చల్లిన గంటకే జల్లు కురిసినచో మందుతోపాటు డబ్బును కాలువలో కలియును. అట్లని చేతులు ముడుచుకొని కూర్చుండుటకును వీలులేదు. కలుపు పెరుగును, పురుగు వ్యాపించును, పదును దాటిపోవును. ఇట్టి సమయమున రేడియోలోనో, సెల్ ఫోనులోనో రెండు వాక్యముల వాతావరణ సూచన వచ్చును. ఆ రెండు వాక్యములు ఎట్లు పుట్టినవో, వానిలోని మాటలకు అర్థమేమో తెలిసికొన్నవారికే వానివలన పూర్తి ప్రయోజనము కలుగును.

పూర్వము ఈ ప్రశ్నకు కార్తెలు జవాబు చెప్పుచుండెను. ఉత్తర, హస్త, చిత్త, స్వాతి అను పేర్లు నేటికిని రైతుల నోట వినవచ్చును. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రభాగమున ఉండు పదమూడు, పదునాలుగు దినముల కాలమే కార్తె. హస్త సెప్టెంబరు 27 ప్రాంతమునను, చిత్త అక్టోబరు 10, 11 తేదీల ప్రాంతమునను, స్వాతి అక్టోబరు 24 ప్రాంతమునను ప్రవేశించును. తరతరముల అనుభవమును పేర్లలో బిగించిన పట్టిక ఇది. దీనిని తేలికగా చూడరాదు. అయితే కార్తె చెప్పునది ఏటేటా సామాన్యముగా జరుగుదానిని. సూచన చెప్పవలసినది ఈ ఏడు, ఈ వారము జరుగబోవుదానిని. మరియొక విశేషము కలదు. కార్తెలు నక్షత్రములను బట్టి లెక్కింపబడును. ఋతువులు సూర్యుని ఉత్తర దక్షిణ గమనమును బట్టి వచ్చును. ఈ రెండు విధముల సంవత్సరములకు నిడివిలో సుమారు 20 నిమిషముల తేడా ఉండుటచే, ప్రతి డెబ్బది యేండ్లకు ఒక దినము చొప్పున కార్తె ఋతువుకంటె వెనుకబడుచున్నది. ఒక తరములో ఇది ఎవరికిని తెలియదు. అద్దంకిలో పండరంగని పద్యశాసనము వెలసిన 848 ప్రాంతము నుండి లెక్కించినచో మాత్రము ఆ తేడా పదునారు దినములు, అనగా ఒక కార్తెకంటె ఎక్కువే యగును.

ఇక ముసురు సంగతి. సెప్టెంబరులో ఈ సీమకు విడువని వాన తెచ్చునది తరచుగా బంగాళాఖాతమున పుట్టిన అల్పపీడనము. చుట్టునున్న గాలి బరువుకంటె నడుమ గాలి బరువు తక్కువైన ప్రదేశమే అల్పపీడనము. చుట్టుప్రక్కల గాలి అటువైపు పరుగిడును. కాని భూమి తన చుట్టు తాను తిరుగుచుండుటవలన నేరుగా పోలేక, ఉత్తరార్ధగోళమున గడియారపు ముల్లునకు ఎదురుదిశలో సుడి తిరుగును. నడుమ చేరిన తేమగాలి పైకి లేచి చల్లబడి మేఘమగును. ఆవిరి నీరుగా మారునప్పుడు దానిలో దాగిన గుప్తోష్ణము వెలువడి గాలిని మరికొంత వేడిచేసి ఇంకను పైకి నెట్టును. గాలివేగము గంటకు 31 కిలోమీటర్లకు చేరినచో దానిని వాయుగుండమనియు, 62 దాటినచో తుఫాననియు అందురు.

ఈ సుడి ఎచట నున్నదో తెలిసికొనుటకు పరికరములేవియు అక్కరలేని ఉపాయము ఒకటి కలదు. 1857లో డచ్చి శాస్త్రజ్ఞుడు బైస్ బాలట్ ప్రకటించిన సూత్రమిది. గాలికి వీపు పెట్టి నిలిచినచో, ఉత్తరార్ధగోళమున, అల్పపీడనము మన ఎడమచేతి వైపున ఉండును. అద్దంకి పాఠశాల ఆవరణలో నిలిచిన విద్యార్థి దీనిని స్వయముగా పరీక్షింపవచ్చును. ఉత్తరాంధ్ర తీరమున సముద్రముపై అల్పపీడనము ఉన్నప్పుడు, అది అద్దంకికి ఈశాన్యమున నుండును. గాలి వాయవ్యమునుండి వీచును. అది నేలమీదికి వచ్చి పడమరగా సాగినకొలది గాలి పడమటికి, పిమ్మట నైఋతికి తిరుగును. అప్పుడు ఎడమచేయి వాయవ్యమును, అనగా తెలంగాణమును, విదర్భను చూపును. సుడి దాటిపోయినదని అర్థము. ఋతుపవన కాలపు వాయుగుండములలో మిక్కిలి భారీవాన సుడికి నైఋతి భాగముననే కురియుట సామాన్యము. కావున సుడి ఈశాన్యమున నున్నంతవరకు ముసురు హెచ్చు. వాయవ్యమునకు జరిగిన పిదప వాన వెలియనారంభించును. గాలి పలుచనై చెట్టుకొమ్మకు తెలియనట్లున్న దినమున ఈ పరీక్ష పనికిరాదు.

వెలియుట యనగా ఒక్కసారి తలుపు మూసినట్లు ఆగిపోవుట కాదు. మొదట ఆకాశమంత పరచుకొన్న బూడిదరంగు పొరమేఘము పలుచబడి అచ్చటచ్చట చిల్లులు పడును. ఉదయమున ఎండ కాయును. ఆ ఎండయే మరుసటి వానకు కారణమగుట చూచువారికి వింతగా తోచును. నానిన నేలనుండి, నిండిన కుంటలనుండి ఆవిరి లేచును. వేడెక్కిన గాలి బుడగలవలె పైకి పోవును. మధ్యాహ్నమునకు కోటబురుజుల వంటి మేఘములు నిలుచును. తీరము అద్దంకికి సుమారు 40 కిలోమీటర్ల దూరము. సాయంకాలమునకు లోపలికి చొచ్చుకొనివచ్చు సముద్రపుగాలి కొన్ని దినములలో ఈ మేఘములను మరికొంత ఎగదోయును. ఉరుముతో అరగంట వాన; ఒక ఊరు తడియును, ప్రక్క ఊరిలో దుమ్ము లేచును. రెండు మూడు దినములు ఇట్లు జరిగి, పైగాలిలో తేమ తగ్గినకొలది మేఘములు పొట్టివగును. చివరకు రాత్రులు నిర్మలమగును. నిర్మలమైన రాత్రి నేల తన వేడిని ఆకాశమునకు విడిచి త్వరగా చల్లబడును. కావున తెల్లవారుజామున మంచు కురియును, పల్లపు చేలమీద పొగమంచు నిలుచును. వాన లేకున్నను ప్రొద్దెక్కి మంచు ఆరువరకు ప్రత్తి తీయరాదనుట ఇందుచేతనే.

సూచన తయారుచేయువారు ఈ మార్పులనే అంకెలలో చూతురు. 1875లో స్థాపింపబడిన భారత వాతావరణ శాఖ పరిశీలన కేంద్రములలో గాలిబరువు, తేమ, గాలిదిశ నియమిత వేళలలో కొలువబడును. ఉదయము 8 గంటల 30 నిమిషములకు గడచిన దినపు వాన లెక్కింపబడును. విశాఖపట్టణము, మచిలీపట్నము వంటి చోట్లనుండి వాయుపూరితమైన బుడగలు పరికరములను మోసికొని ఆకాశమున కెగిరి పైపొరల తేమను, ఉష్ణోగ్రతను రేడియో ద్వారా తెలుపును. 1960 ఏప్రిలు 1న అమెరికా పంపిన టైరోస్ మొదలు వాతావరణ ఉపగ్రహములు మేఘముల ఛాయాచిత్రములు తీయుచున్నవి. ఇప్పుడు మన ఇన్సాట్ ఉపగ్రహములే ఆ పని చేయుచున్నవి. మచిలీపట్నపు రాడారు ఇక్కడికి సుమారు 130 కిలోమీటర్లు. అది పంపు తరంగము భూమి వంపువలన అద్దంకి చేరునప్పటికి నేలకు ఒకటిన్నర, రెండు కిలోమీటర్ల ఎత్తున పోవును. అందుచే అది చూచిన చినుకులలో కొన్ని నేల చేరక దారిలోనే ఆవిరియై పోవచ్చును.

ఈ అంకెలన్నిటిని కంప్యూటరునకు అందించి, గాలి చలనసూత్రములనుబట్టి రేపటి స్థితిని లెక్కింతురు. ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు రిచర్డ్‌సన్ ఈ లెక్కను చేతితో చేసి 1922లో ప్రకటించెను. ఆరుగంటలలో గాలిబరువు 145 మిల్లీబారులు మారునని అతని లెక్క తేల్చినది. నిజమునకు ఆ దినమున మార్పు దాదాపు లేదు. పద్ధతి మంచిదే, తప్పు మొదట తీసికొన్న అంకెలలో నున్నది. 1950లో అమెరికాలో ఎనియాక్ యంత్రముపై ఇట్టి సూచన మొదటిసారి సఫలమైనది. 2025 మే నెలలో మన దేశమున వాడుకలోనికి వచ్చిన భారత్ సూచన వ్యవస్థ దేశమును 6 కిలోమీటర్ల గళ్ళుగా విభజించి లెక్కించును. అయినను మొదటి అంకెలలోని స్వల్పమైన లోపము దినదినము పెరుగునని 1963లో లోరెంజ్ నిరూపించెను. అందుచే రేపటి సూచనకున్నంత బలము అయిదవనాటి సూచనకు ఉండదు.

ఇంత శ్రమ తరువాత వచ్చు ప్రకటన మాత్రము మిక్కిలి క్లుప్తము: "దక్షిణ కోస్తాలో ఒకటి రెండు చోట్ల తేలికపాటి నుండి ఒక మోస్తరు వర్షము." ఇది వినినవాడు వాన రాకున్నచో సూచన తప్పినదనును, వచ్చినచో ముందే చెప్పలేదనును. రెండును పొరపాటే. "ఒకటి రెండు చోట్ల" అనగా ఆ ప్రాంతపు వానకొలత కేంద్రములలో నాలుగవ వంతుకు మించనివానిలో వాన పడునని శాస్త్రసంకేతము. "కొన్ని చోట్ల" అనినచో సగమువరకు, "అనేక చోట్ల" అనినచో ముప్పాతికవరకు, "చాలా చోట్ల" అనినచో అంతకు పైన. "తేలికపాటి" యనగా దినమునకు 2.5 నుండి 15.5 మిల్లీమీటర్లు, "మోస్తరు" 64.4 వరకు, "భారీ" 64.5 నుండి 115.5 వరకు, ఆపైన అతిభారీ. ఒక ఎకరముపై ఒక మిల్లీమీటరు వాన యనగా సుమారు 4,000 లీటర్ల నీరు. పదిహేను మిల్లీమీటర్ల "తేలికపాటి" వాన ఎకరమునకు 60,000 లీటర్లు కుమ్మరించునని తెలిసినప్పుడు, పగిలిన కాయలున్న ప్రత్తిచేనికి అది తేలిక కాదని బోధపడును. వరుసగా వచ్చు ప్రకటనలలో "చాలా చోట్ల" నుండి "కొన్ని చోట్ల"కు, అక్కడినుండి "ఒకటి రెండు చోట్ల"కు మాట దిగుచున్నదా యని గమనించుటయే వాన వెలియుటను చదువుట.

ఇక్కడ ఒక చిక్కు కలదు. ఉత్తరదేశమున వాన వెలిసినచో ఋతువు ముగిసినట్లే. పడమటి రాజస్థానమునుండి నైఋతి ఋతుపవనము సాధారణముగా సెప్టెంబరు 17 ప్రాంతమున వెనుదిరుగును. అయిదు దినములు వాన లేకుండుట, పైన ఒకటిన్నర కిలోమీటరు ఎత్తున గాలి అపసవ్యపు సుడి విడిచి సవ్యముగా తిరుగుట, తేమ తగ్గుట అచట గుర్తులు. అక్టోబరు 15 ప్రాంతమునకు అది దేశమంతట నిష్క్రమించును. కాని కోస్తాలో అయిదారు దినములకే, అక్టోబరు 20 ప్రాంతమున, ఈశాన్య ఋతుపవనము ప్రవేశించును. ప్రకాశం జిల్లాకు సాలుకు పడు సుమారు 870 మిల్లీమీటర్లలో ఈ రెండింటి వంతులు దాదాపు సమానము.

కారణము అల్పపీడనపు పట్టీ జరుగుటయే. ఆగస్టులో అది గంగామైదానము మీదుగా ఉత్తర బంగాళాఖాతమువరకు ఉండును. అక్కడ పుట్టిన సుడులు ఒరిస్సా మీదుగా పోవును, అద్దంకికి దక్కునది అంచు వానయే. సూర్యుడు దక్షిణమునకు మరలి ఉత్తరభూములు చల్లబడినకొలది ఆ పట్టీ సముద్రము మీదుగా దక్షిణమునకు దిగును. అక్టోబరు, నవంబరులలో సుడులు మధ్య, నైఋతి బంగాళాఖాతమున పుట్టి నేరుగా ఈ తీరమునకే ఎదురగును. అనగా హస్త, చిత్త కార్తెల నడుమ వచ్చు తెరపి ఒక గాలి దిగి మరియొక గాలి ఎక్కు నడిమి వేళ.

2012 అక్టోబరు 31న నీలం తుఫాను దూరమున మహాబలిపురము వద్ద తీరము దాటెను. అయినను బలహీనపడిన ఆ సుడి లోపలికి వచ్చి నవంబరు మొదటి దినములలో కోస్తా ఆంధ్రను ముంచెత్తెను. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల సమీపముననే దాటినది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురము దిక్కున దాటెను. ఇవన్నియు దసరా తెరపికి తరువాత వచ్చినవే.

ఈ మార్పును పాఠశాలలో కనిపెట్టుటకు కావలసినవి నిలువు గోడలుగల డబ్బా, ఒక స్కేలు, కఱ్ఱకు కట్టిన గుడ్డపేలిక, ఒక నోటుపుస్తకము. డబ్బాను చెట్లకు, గోడలకు ఎడముగా బయలున ఉంచి, ప్రతి ఉదయము ఎనిమిదిన్నరకు నీటి లోతును మిల్లీమీటర్లలో వ్రాసి, గాలిదిశను ప్రక్కన గుర్తింపవలెను. సెప్టెంబరు పుటలలో పడమర, నైఋతి ఎక్కువగా కనబడును. అక్టోబరు మూడవ వారపు పుటలో ఈశాన్యము అను మాట మొదటిసారి పడి, వరుసగా నాలుగు దినములు మారక నిలిచినచో, ఆ వారము అయిదు దినముల సూచనలో బంగాళాఖాతమును గూర్చిన వాక్యమును రైతుకు చదివి వినిపింపవలసియుండును.