నలుగురి మాట – స్త్రీ పురుష స్వభావం: ఒక మనోవిజ్ఞాన పరిశీలన

మానవుడు సంఘజీవి. ఈ మాటను మనం చిన్ననాటి నుండి పాఠ్యపుస్తకాలలో చదువుతూనే ఉన్నాము. కాని సంఘంలో జీవించడానికి మానవుడు చెల్లించే మూల్యమేమిటో ఆలోచించే అవకాశం మనకు తరచుగా రాదు. మన జంగారెడ్డిగూడెం మెట్ట ప్రాంతంలో ఒక రైతు వర్జీనియా పొగాకు వేస్తే పక్క చేను రైతు కూడా దానినే వేస్తాడు. ఒకరు ఆయిల్ పామ్ తోటకు మారితే మరి నలుగురు మారుతారు. అదే విధంగా ఒక ఇంటిలో ఆడపిల్ల చదువును పదవ తరగతితో మాన్పిస్తే, ఆ వీధిలోని మరొక తండ్రి ఆలోచన కూడా ఆ దారినే పోతుంది. కారణమడిగితే తెలుగు ఇండ్లలో "నలుగురూ ఏమనుకుంటారు?" అనీ, ఉర్దూ మాట్లాడే ఇండ్లలో "లోగ్ క్యా కహేంగే?" అనీ సమాధానం వస్తుంది. భాషలు రెండైనా భయం ఒక్కటే.

ఈ భయానికి తోడు మరొక వాదం కూడా వినిపిస్తూ ఉంటుంది. స్త్రీలు స్వభావం చేతనే పదిమంది మాటకు తలవంచేవారనీ, ఎదిరించి నిలబడడం పురుష లక్షణమనీ, ప్రకృతియే ఈ ఏర్పాటు చేసిందనీ కొందరంటారు. ఇది ఎంతవరకు సత్యమో సాంఘిక మనోవిజ్ఞానం వెలుగులో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

గుంపును అనుసరించే ప్రవృత్తిని ప్రయోగశాలలో మొదట పరిశీలించినవారిలో తుర్కీ దేశంలో జన్మించిన ముజఫర్ షెరీఫ్ ముఖ్యుడు. చీకటి గదిలో నిశ్చలంగా ఉన్న చిన్న వెలుగుచుక్క, చూచేవారి కంటికి కదులుతున్నట్లు తోస్తుంది. అది ఎంత దూరం కదిలిందని విడివిడిగా అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్క కొలత చెప్పారు. కలసి కూర్చుండబెట్టి అడిగేసరికి వారి కొలతలు క్రమంగా ఒకే చోటికి చేరాయి. తిరిగి ఒంటరిగా అడిగినా వారు గుంపు కొలతనే పట్టుకొని ఉన్నారు. 1930 ప్రాంతపు దశకంలో జరిగిన ఈ ప్రయోగం వలన, నిజం తెలియని చోట మనం ఇతరులనే ప్రమాణంగా తీసుకుంటామని తేలింది. ఇందులో తప్పు లేదు. దారి తెలియని బాటసారి నలుగురు నడిచిన బాటనే ఎన్నుకొంటాడు కదా!

అయితే నిజం కన్నులయెదుటనే ఉన్నప్పుడు ఏమి జరుగుతుంది? ఈ ప్రశ్నకు సాలమన్ యాష్ అనే శాస్త్రజ్ఞుడు 1950 దశకంలో సమాధానం వెదికాడు. ఒక గీతను చూపి, మరి మూడు గీతలలో దానితో సమానమైనది ఏదో చెప్పమన్నాడు. పసిపిల్లవాడు కూడా చెప్పగల ప్రశ్న అది. ఒంటరిగా ఉన్నప్పుడు నూటికి ఒక తప్పు కూడా దొర్లలేదు. కాని గుంపులో ఒక్కరు తప్ప మిగిలినవారందరూ ప్రయోగకర్త ముందుగా ఏర్పాటు చేసినవారే. వారంతా కావాలని ఏకకంఠంతో తప్పు సమాధానం చెప్పేసరికి, ఏమీ ఎరుగని ఆ ఒక్కరు కూడా ఇంచుమించు మూడింట ఒక వంతు పర్యాయాలు ఆ తప్పునే పలికారు. ఏనాడూ లొంగనివారు సుమారు నాలుగవ వంతు మాత్రమే.

ఇందులోనే మరి రెండు విషయాలు గమనింపదగినవి ఉన్నాయి. గుంపులో మరొక్క వ్యక్తి నిజం చెప్పగానే ఈ లొంగుబాటు సుమారు నాలుగవ వంతుకు పడిపోయింది. సమాధానాన్ని నోటితో చెప్పక కాగితంపై వ్రాయమన్నప్పుడు కూడా బాగా తగ్గిపోయింది. అనగా లొంగినవారిలో చాలామందికి నిజం తెలుసు. దానిని పైకి చెప్పడానికే జంకారు.

ఇప్పుడు స్త్రీ పురుష భేదం సంగతి చూద్దాము. ఆ యాష్ ప్రయోగాలలో పాల్గొన్నవారందరూ కళాశాల యువకులు, అనగా పురుషులే! గుంపుకు తలవంచడం స్త్రీ లక్షణమని వాదించేవారు ఈ ఒక్క అంశాన్నయినా గుర్తుంచుకోవాలి. తరువాతి కాలంలో స్త్రీలపై కూడా ప్రయోగాలు జరిగాయి. వాటినన్నింటినీ సమీకరించి 1981లో ఆలిస్ ఈగ్లీ, లిండా కార్లీ అనే పరిశోధకులు ఒక సమీక్ష ప్రకటించారు. స్త్రీలలో అనుసరణ కొంచెం ఎక్కువగా కనిపించిన మాట నిజమే కాని, ఆ తేడా చాలా స్వల్పం. అంతేకాదు, ప్రయోగకర్తలు పురుషులైన చోట ఆ తేడా పెద్దదిగా కనిపించింది. 1971లో సిస్ట్రంక్, మెక్‌డేవిడ్ అనేవారు ప్రశ్నల స్వభావాన్నే పరీక్షించారు. పురుషులకు బాగా తెలిసిన విషయాలలో స్త్రీలు గుంపును అనుసరించగా, స్త్రీలకు బాగా తెలిసిన విషయాలలో పురుషులు అనుసరించారు. తెలియనితనమే తలవంచుతుంది గాని స్త్రీత్వం కాదని దీని సారాంశం.

పరిణామవాదులు ఏమంటారో కూడా తెలుసుకోవాలి. చార్లెస్ డార్విన్ 1871లో వెలువరించిన మానవావతరణ గ్రంథంలో పురుషుడు బుద్ధిబలంలో స్త్రీ కంటె అధికుడని వ్రాశాడు. అప్పటి ఆంగ్ల సమాజంలో నలుగురూ అనుకునే మాటనే ఆ మహామేధావి కూడా అనుసరించాడని నేడు మనకు అర్థమవుతున్నది. 1972లో రాబర్ట్ ట్రివర్స్ మరింత శాస్త్రీయమైన సిద్ధాంతం ప్రతిపాదించాడు. సంతానం కొరకు ఎక్కువ శ్రమ, కాలం వెచ్చించే జీవి జతను జాగ్రత్తగా ఎన్నుకొంటుంది. తక్కువ వెచ్చించేది జత కొరకు పోటీ పడుతుంది. అనేక జంతుజాతులలో ఈ సూత్రం వర్తిస్తుంది. కొన్ని జాతులలో మగజీవియే పిల్లలను పెంచుతుంది. అచట పోటీ పడేది ఆడజీవి. కనుక ఈ సిద్ధాంతం ప్రకారం కూడా అణకువ ఆడదాని సొత్తు కాదు.

ఈ మార్గంలోనే 2006లో గ్రిస్కెవిషియస్ మొదలైనవారు ఒక ప్రయోగం చేశారు. ప్రణయభావం కలిగించినప్పుడు పురుషులు గుంపుకు భిన్నంగా కనిపించాలనుకొన్నారు. స్త్రీలు గుంపుకు దగ్గరయ్యారు. కాని ప్రాణభయం కలిగించే కథ చదివించినప్పుడు స్త్రీలూ పురుషులూ ఇద్దరూ గుంపునే ఆశ్రయించారు. భయానికి లింగభేదం లేదన్నమాట.

సంస్కృతి ప్రభావం ఎంతటిదో మన దేశంలోనే జరిగిన మరొక పరిశీలన తెలుపుతున్నది. మేఘాలయలోని ఖాసీ జాతిలో ఆస్తి తల్లి నుండి కుమార్తెకు సంక్రమిస్తుంది. 2009లో ప్రకటితమైన ఒక ప్రయోగంలో, చిన్న ఆటలో పోటీకి దిగడానికి ఖాసీ స్త్రీలలో 54 శాతం, పురుషులలో 39 శాతం ముందుకు వచ్చారు. పితృస్వామ్యం గల టాంజానియాలోని మాసాయి జాతిలో పురుషులు 50 శాతం, స్త్రీలు 26 శాతం మాత్రమే. రెండు చోట్లా స్త్రీల శరీరధర్మం ఒకటే. వారు పెరిగిన ఇల్లు వేరు.

ఇక మన గోదావరి తీరానికి వద్దాము. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించారు. చట్టం 1856 లోనే అనుమతించింది. అయినను పాతికేండ్లు గడిచినా ఈ ప్రాంతంలో ఎవరూ సాహసింపలేదు. అడ్డు నిలిచినది చట్టం కాదు, వెలి అనే భయం. ఆ రోజులలో వంటవారు, నీళ్లు మోసేవారు వారి ఇంటికి రావడం మానివేయగా, ఆయన సహధర్మచారిణి రాజ్యలక్ష్మమ్మగారు స్వయంగా గోదావరి నుండి నీరు తెచ్చి, వంట చేసి పెట్టారు. యాష్ తన ప్రయోగాలు చేయడానికి డెబ్బదియేండ్లు ముందే, ఒక్క తోడు ఉన్నచో గుంపు బలం ఎంత తరిగిపోతుందో ఆ దంపతులు చూపించారు. ఆ తోడు ఒక స్త్రీ కావడం విశేషం.

మరొక ఉదాహరణ. 1923 డిసెంబరులో కాకినాడలో మౌలానా మహమ్మదలీ అధ్యక్షతన కాంగ్రెసు మహాసభ జరిగింది. ఆ సందర్భంగా ఏర్పాటు చేసిన ప్రదర్శనశాల ద్వారం వద్ద స్వచ్ఛంద సేవిక అయిన ఒక బాలిక, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూను నిలిపివేసింది. నిర్వాహకులు టిక్కెట్టు ఇప్పించిన తరువాతనే లోనికి విడిచింది. ఆమెయే 1909లో రాజమండ్రిలో జన్మించిన దుర్గాబాయి. అప్పటికి ఆమె వయస్సు 14 ఏండ్లు. తరువాత రాజ్యాంగ సభలో సభ్యురాలైన ఈమెకు, పెద్దలందరూ దారి విడిచే చోట తాను విడువరాదని ఏ ప్రకృతి నేర్పింది?

స్త్రీ పురుషుల మధ్య భేదాలే లేవని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. సగటున కొన్ని భేదాలు గలవు. అయితే సగటు వేరు, వ్యక్తి వేరు. సగటున పురుషులు పొడవైనవారైనా, ప్రతి తరగతిలోను కొందరు యువకుల కంటె పొడవైన యువతులు ఉంటారు. మనోలక్షణాలలోనైతే ఈ తేడా మరింత స్వల్పం. 2005లో జానెట్ హైడ్ 46 సమీక్షలను పరిశీలించి, అందులోని భేదాలలో 78 శాతం శూన్యానికి చేరువగానో స్వల్పంగానో ఉన్నాయని తేల్చింది. సగటును చూపి ఒక బాలిక పుస్తకాన్ని మూయించడం శాస్త్రం కాదు; నలుగురి మాటకు శాస్త్రమనే ముసుగు వేయడం.

విద్యార్థినీ విద్యార్థులారా! తరగతిలో సమాధానం తెలిసి కూడా చేయి ఎత్తని బాలిక మీ పక్కనే ఉండవచ్చును. ఆమె మౌనాన్ని స్వభావమని అనుకోకండి. యాష్ ప్రయోగంలో వలె ఆమెకు కావలసినది ఒక్క తోడు. ఆమె సమాధానం సరియైనదని మీలో ఒక్కరు పైకి చెప్పండి. అదే విధంగా మీ ఇంటిలో చెల్లెలి చదువు మాన్పించే ప్రస్తావన వచ్చిన రోజున, అందరూ ఒకే మాట అంటున్నారని మీరు కూడా ఊరకుండకండి. అన్నయైనా సరే, అక్కయైనా సరే, ఆ గదిలో వేరు మాట చెప్పే రెండవ మనిషి మీరే కావాలి. మొదటి మనిషిగా ఆ బాలిక ఎలాగూ ఉన్నది.