ఫ్యాక్టరీ మూసినా బండి ఆగనక్కరలేదు



"ఆ కారు కంపెనీ ఎత్తేశారట. ఇక సామాన్లు దొరకవట. వచ్చినకాడికి అమ్మేస్తే నయమట." ఈ మాట మీ ఊళ్లోనూ ఎవరో ఒకరు అనే ఉంటారు. అది విని బెంగపడి, బాగా నడిచే బండిని తుక్కు ధరకు వదులుకున్నవారు ఉన్నారు. కొన్నవాడు తెలివితక్కువవాడా? కాదు. సామాను ఎక్కడ దొరుకుతుందో వాడికి తెలుసు. రంగు వేయించి, రెండు చిన్న రిపేర్లు చేయించి, అదే బండిని ఇంకా ఐదారేళ్లు నడుపుకుంటాడు. నష్టపోయింది మనం.

కారు ఈ రోజున రైతు ఇంట్లో షోకు వస్తువు కాదు గదా! అర్ధరాత్రి కాన్పు నొప్పులు వస్తే అదే దిక్కు. విత్తనాల బస్తా తేవాలన్నా, కూరగాయల గంపలు రైతుబజారుకు చేర్చాలన్నా అదే. కాబట్టి "సామాన్లు దొరకవు" అనే మాట ఎంతవరకు నిజమో కాస్త నిదానంగా చూద్దాం.

ముందు, ఏ ఏ బండ్లకు ఈ గతి పట్టింది? అంబాసిడరు కారు మీకందరికీ తెలుసు. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు నమూనాతో హిందుస్థాన్ మోటార్స్ వారు బెంగాల్లోని ఉత్తర్‌పాడాలో దశాబ్దాలపాటు తయారుచేశారు. 2014 మే నెలలో ఆ తయారీ ఆగిపోయింది. షెవర్లె కార్లను మన దేశంలో అమ్మడం 2017 చివరికి మానేస్తామని జనరల్ మోటార్స్ వారు ఆ ఏడు మే నెలలోనే చెప్పారు. ఫోర్డు కంపెనీ 2021 సెప్టెంబరు 9న ఇదే కబురు చెప్పింది. గుజరాత్‌లోని సానంద్, మద్రాసు దగ్గరి మరైమలైనగర్ ఫ్యాక్టరీల్లో మన దేశం కోసం కార్ల తయారీని దశలవారీగా ఆపేసింది. సర్వీసు, విడిభాగాలు మాత్రం కొనసాగిస్తామని ఆనాడే ప్రకటించింది. ఇక ట్రాక్టర్ల సంగతికొస్తే, 1971లో చెకోస్లొవేకియా వారి జెటార్ నమూనాతో పింజోరులో మొదలైన హెచ్.ఎం.టి. ట్రాక్టరు విభాగాన్ని మూసివేయడానికి 2016 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది.

అయితే ఒక్క ప్రశ్న వేసుకోండి. కారు కంపెనీ కారు మొత్తాన్ని తానే తయారుచేస్తుందా? లేదు. ఇల్లు కట్టే మేస్త్రీ ఇటుకలు తానే కాల్చడు, తలుపులు తానే చెక్కడు. కారు కంపెనీ కూడా అంతే. చాలా సామాన్లను బయటి ఫ్యాక్టరీల దగ్గర కొని బిగిస్తుంది. మీ బండి స్టార్టరు మోటారు మీద మట్టి తుడిచి చూడండి. ల్యూకాస్ టీవీఎస్ అనో, బాష్ అనో, ఇంకెవరిదో పేరు ఉండవచ్చు. బ్రేకు సామాను మీద మరొకరి పేరు ఉంటుంది. బండి పేరు గల కంపెనీ తలుపులు మూసినంత మాత్రాన వీరందరూ తలుపులు మూయలేదు. ఆ పేరూ, దాని పక్కనున్న నంబరూ మీకు తాళంచెవి వంటివి.

అసలు కొన్ని సామాన్లకు కంపెనీ పేరుతో పనే లేదు, కొలతే వాటి పేరు. బేరింగునే తీసుకోండి. దాని అంచు మీద 6205 అని చెక్కి ఉందనుకోండి. చివరి రెండంకెలను ఐదుతో హెచ్చవేయండి. ఇరవై ఐదు వస్తుంది. అంటే ఇరుసు పట్టే రంధ్రం 25 మిల్లీమీటర్లు. చివరి అంకెలు 04 మొదలు పైకి ఈ లెక్క సరిపోతుంది. 03 అయితే మాత్రం 17 మిల్లీమీటర్లు, అక్కడ హెచ్చవేత పనికిరాదు. మరి 6305 అని ఉంటే? రంధ్రం అదే 25. కాని బయటి చుట్టు 52కు బదులు 62 మిల్లీమీటర్లు, మందం 15కు బదులు 17. ఇరుసుకు ఎక్కుతుంది, గూట్లో కూర్చోదు. అంకె తరువాత జెడ్ జెడ్ అని ఉంటే రెండు పక్కలా రేకు మూత, 2 ఆర్ ఎస్ అని ఉంటే రబ్బరు మూత. సి 3 అని ఉంటే లోపల గుండ్లకూ చుట్లకూ మధ్య సందు కొంచెం ఎక్కువ ఉంచారన్నమాట. వేడెక్కే చోట అది కావాలనే పెడతారు. షాపులో "అది లేకపోయినా పర్వాలేదండీ" అంటారు. ఒప్పుకోకండి.

ఒక సంగతి చెబితే మీకు నవ్వు రావచ్చు. హైదరాబాదు మౌలాలీలో హెచ్.ఎం.టి. వారికి బేరింగుల ఫ్యాక్టరీ ఉండేది. దాన్ని కూడా మూసేయాలని 2016లోనే నిర్ణయించారు. బేరింగులు చేసే ఫ్యాక్టరీయే పోయింది, 6205 మాత్రం పోలేదు! సికింద్రాబాదు రాణిగంజ్‌లో అడిగితే నాలుగు కంపెనీలవి ముందు పెడతారు. ఎందుకంటే ఆ నంబరు ఏ ఒక్కరి సొత్తూ కాదు.

ఆయిలు సీళ్లూ ఇంతే. 35-52-7 అని ఉంటే లోపలి కొలత, బయటి కొలత, మందం, మిల్లీమీటర్లలో. పాతకాలపు ఫ్యాను బెల్టు మీద బి 42 అంటే లోపలి చుట్టుకొలత 42 అంగుళాలు. కొత్త కార్ల బెల్టు మీద 6 పీకే 1200 అని ఉంటే ఆరు గీతల బెల్టు, 1200 మిల్లీమీటర్ల పొడవు. టైర్లు, బ్యాటరీ, హెచ్ 4 బల్బు, ఫ్యూజులు, బోల్టులు ఇవన్నీ ఈ జాతివే. ట్రాక్టరు ఉన్నవారికి ఇంకో ధైర్యం. వెనుక మూడు కొక్కేల అమరిక, నిమిషానికి 540 చుట్లు తిరిగే పీటీఓ ఇరుసు కూడా లోకమంతటా ప్రామాణిక కొలతలవే. హెచ్.ఎం.టి.కి కట్టిన రోటవేటరు, బలం సరిపోతే, మరో ట్రాక్టరుకూ కట్టుకోవచ్చు.

రెండో రకం సామాన్లు చుట్టరికం మీద దొరికేవి. ఇటలీ ఫియట్ వారు రూపొందించిన 1.3 లీటర్ల డీజిలు ఇంజను ఒకటుంది. మారుతి స్విఫ్టులో అదే, డిజైరులో అదే, టాటా ఇండికా విస్టాలో అదే, ఫియట్ పుంటోలో అదే. షెవర్లె సెయిల్ డీజిలు బండిలోనిదీ ఆ కుటుంబపు ఇంజనే. పేర్లు అయిదు, గుండె ఒకటి. మారుతి వారు 2020 ఏప్రిల్ నుంచి డీజిలు కార్లు మానేసినా, రోడ్ల మీద ఇంకా తిరుగుతున్న బండ్లు చాలా ఉన్నాయి గనుక ఆ ఇంజను సామానుకు గిరాకీ తగ్గలేదు. సెయిల్ ఉన్నవాడు షెవర్లె షోరూము కోసం వెతకడం కంటే స్విఫ్టు సామాను అమ్మే కొట్టుకు వెళ్లడం మేలు. కాని కళ్లు మూసుకుని కొనకూడదు సుమా! ఆ ఇంజనులో 75 గుర్రాల బలంది ఒకటి, 90 గుర్రాల బలంది ఒకటి. టర్బో వేరు. బయట బిగించే బ్రాకెట్లు, పైపులు, సెన్సార్లు బండిబండికీ మారతాయి. లోపలి సామానుకు చుట్టరికం పనిచేస్తుంది, పైసామానుకు పాత ముక్కను పక్కన పెట్టి కొలిచి చూసుకోవలసిందే. ఫోర్డులో కూడా ఎకోస్పోర్ట్, యాస్పైర్, ఫ్రీస్టయిల్ బండ్ల డీజిలు ఇంజన్లు అన్నదమ్ములే.

ఇప్పుడు చేదు మాట. కొన్ని సామాన్లు నిజంగానే కష్టం. ముందు అద్దం, బంపరు, దీపాల గూడు, తలుపు రేకు ఆ ఒక్క బండికే సరిపోతాయి. నిల్వ అయిపోతే మళ్లీ పోతపోయడానికి ఎవరూ ముందుకు రారు. వీటికన్నా కష్టం ఇంజనును నడిపించే ఎలక్ట్రానిక్ పెట్టె. దాన్ని వేరే బండి నుంచి తెచ్చి బిగిస్తే సరిపోదు. తాళంచెవిలోని సంకేతంతో జత కుదర్చాలి. దానికి తగిన యంత్రం, తెలిసిన మనిషి ఉండాలి. చిత్రమేమంటే, 1990ల నాటి అంబాసిడరును బతికించడం 2015 నాటి కారును బతికించడం కంటే తేలిక. అంబాసిడరులో చాలా పనులకు లేతు మిషనూ, సుత్తీ, అనుభవమున్న చెయ్యీ చాలు. కొత్త బండి మెత్తగా పోతుంది, నిజమే. రోగం వస్తే మాత్రం పెద్దాసుపత్రికి పోవాలి.

బజారుకు వెళ్లేటప్పుడు చేతిలో ఏముండాలి? చెడిన పాత ముక్క. దాన్ని మెకానిక్కు దగ్గర వదిలేయకండి. తుడిచి, గుడ్డలో చుట్టి వెంట తీసుకుపొండి. రిజిస్ట్రేషను కార్డు మీది ఛాసీ నంబరు రాసుకోండి. ఈమధ్య బండ్లకు అది పదిహేడు అక్షరాలూ అంకెలూ కలిసి ఉంటుంది. ఒకే పేరున్న బండిలో కూడా ఏడాది మారితే సామాను మారుతుంది, ఆ తేడా ఈ నంబరుతో తెలుస్తుంది. ముక్క మీది పార్టు నంబరును సెల్‌ఫోనులో ఫొటో తీసి ఉంచుకుంటే దూరపు ఊరి కొట్టును కూడా ఇంట్లో కూర్చునే అడగవచ్చు. మనకు దగ్గర విజయవాడ ఆటోనగర్ ఉంది. అక్కడ లేనిది మద్రాసు పుదుపేటలో దొరకవచ్చు. పాత కార్లు విప్పి సామాను అమ్మడం ఆ పేట వృత్తి. అంబాసిడరు సామానుకైతే కలకత్తా మల్లిక్ బజారు పేరు వినబడుతుంది.

పాత సామాను చవక అని అన్నీ పాతవే కొనకూడదు. తలుపు, అద్దం, సీటు, గేరుబాక్సు గూడు పాతవి కొనవచ్చు. బ్రేకు సామాను, స్టీరింగు జాయింట్లు, గాలిసంచులు ఎంత బేరం వచ్చినా పాతవి వద్దు. పది రూపాయలు మిగల్చబోయి ఇంటిల్లిపాదినీ పణంగా పెట్టినట్టవుతుంది. "పాత స్టాకు, కొత్త సామాను" అని చూపించే రబ్బరు గొట్టాలను వేళ్లతో వంచి చూడండి. పెళుసెక్కి సన్నని పగుళ్లు కనబడితే డబ్బా కొత్తదే గాని సరుకు ముసలిది. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. కొన్న ప్రతిదానికీ బిల్లు అడగండి. దొంగబండి విప్పిన సామాను మీ షెడ్డులో దొరికితే జవాబు చెప్పుకోవలసింది మీరే. ఇంజను మొత్తం మార్చినప్పుడు రవాణాశాఖ వారి రికార్డులో కొత్త నంబరు ఎక్కించడం మరువకండి.

మూతపడిన కంపెనీ బండి సెకండుహాండులో చవకగా వస్తోంది, కొనవచ్చునా అని అడుగుతారు. కొనవచ్చు, కాని వరుస మార్చండి. ముందు బండిని కాదు, మెకానిక్కును చూసుకోండి. మీ ఊరికి ముప్పై నలభై కిలోమీటర్లలో ఆ బండి విప్పి బిగించిన మనిషి ఉన్నాడా? లేకపోతే ఆ బేరం మీది కాదు. ఉంటే, అద్దాలు, దీపాలు, బంపర్లు పగుళ్లు లేకుండా ఉన్న బండిని చూడండి. ఇంజను కొంచెం నలిగినా బాగుచేసుకోవచ్చు. రెండు తాళంచెవులూ ఇస్తేనే డబ్బు ఇవ్వండి. రెండోది పోయిందంటే ధరలో తగ్గించమనండి. చెవి చేయించడం ఇప్పుడు చిన్న ఖర్చు కాదు.

విస్తరణ కార్యకర్తలు ఇక్కడ ఒక మంచి పని చేయగలరు. మీ మండలంలో హెచ్.ఎం.టి. ట్రాక్టర్లు ఎన్ని, షెవర్లె, ఫోర్డు కార్లు ఎన్ని, ఎవరెవరివి అని ఒక పట్టీ రాయండి. ఒకే రకం బండి ఉన్న నలుగురైదుగురు కలిస్తే, నడవని బండి ఒకటి ఉమ్మడిగా కొని సామాను కోసం అట్టిపెట్టుకోవచ్చు. ఎవరికి ఏది ఇచ్చారో పుస్తకంలో రాసుకోవాలి, లేకపోతే స్నేహం చెడుతుంది. కొన్న వెంటనే బ్యాటరీ తీసేసి, ట్యాంకులో నూనె పూర్తిగా దింపేసి, నేలకు తగలకుండా దిమ్మెల మీద ఎక్కించి, పైన రేకు గాని టార్పాలిను గాని కప్పండి. పందికొక్కులు వైర్లు కొరకకుండా చూసుకోండి. ఎలక్ట్రానిక్ పెట్టెను, దాని తాళంచెవితో సహా, విప్పి ఇంట్లో పొడిచోట దాచండి. ఇక ఆ బండి రోడ్డెక్కదు గనుక, ఎవరి పేరున ఉందో వారిచేత రవాణా కార్యాలయంలో దాని రిజిస్ట్రేషను రద్దు చేయించండి.