వలస బాతుల రాకపోకలు - వేటగాడి జీవనం: చిలికా తీరంలోని మంగళజోడి

జలపక్షుల సంరక్షణపై జరిగే చర్చల్లో వేటగాడు సాధారణంగా ఒక కారణంగా మాత్రమే కనిపిస్తాడు. అతడు చంపాడు కనుక పక్షులు తగ్గాయన్నంతవరకే ప్రస్తావన సాగుతుంది. పక్షుల రాకపోకలు మారినప్పుడు అతని బతుకు ఏమవుతుందన్న ప్రశ్న అరుదుగా వినిపిస్తుంది. ఒడిశాలోని ఖుర్దా జిల్లాలో, చిలికా సరస్సు ఉత్తరపు అంచున ఉన్న మంగళజోడి గ్రామ చరిత్ర ఈ ప్రశ్నను తప్పించుకోనివ్వదు. ఒకప్పుడు పక్షుల వేటకు పేరుపడిన ఆ ఊరు నేడు పక్షుల రక్షణకు ఉదాహరణగా నిలిచింది.

బాతులు ఆ ఊరినే ఎందుకు ఎంచుకున్నాయి?

సైబీరియా, మంగోలియా ప్రాంతాల నుండి హిందూ మహాసముద్ర తీరాల వరకు సుమారు ముప్పై దేశాల మీదుగా సాగే పక్షుల దారిని మధ్య ఆసియా వలస మార్గం అంటారు. చిలికా ఈ మార్గంలోని ప్రధాన శీతకాలపు విడిది. శరదృతువు చివర చేరే బాతులు వేసవి ముదరకముందే ఉత్తరానికి మళ్లుతాయి. వీటిలో సూదితోక బాతు, గాడ్వాల్, విజియన్ ముఖ్యమైనవి. సూదితోక బాతు సాధారణంగా మునిగి ఈదదు. తోక పైకెత్తి, తల నీటిలోకి వంచి, మెడ అందినంత లోతులోనే మేస్తుంది. అడుగు లోతు నీరు దానికి అనువైనది. అంతకు మించితే ఎంత మేత ఉన్నా అందదు.

సరస్సు ఉత్తర భాగంలోకి నదులు మంచినీటిని, ఒండ్రును తెస్తాయి. అందువల్ల మంగళజోడి పరిసరాలు రెల్లుతో నిండిన లోతు తక్కువ చిత్తడిగా ఏర్పడ్డాయి. ఏ పాయలో నీరెంత ఉంది, ఏ వేళకు గుంపు ఎక్కడ దిగుతుంది అన్నది వేటగాడికి ప్రాథమిక విద్య.

రెండు వేటలు, ఒకే చట్టం

భారతదేశంలో బాతుల వేటకు రెండు చరిత్రలున్నాయి. ఒకటి సంస్థానాధీశుల వినోదం. 1938 నవంబరు 12న భరత్‌పూర్‌లో వైస్రాయ్ లిన్‌లిత్‌గో పాల్గొన్న వేటలో ఒకే రోజు 4,273 పక్షులు కూలాయి. ఆ సంఖ్యను అక్కడ రాతి మీద చెక్కించారు కూడా. రెండవది పొట్టకూటి వేట. దానికి శిలాఫలకాలు లేవు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదట లైసెన్సుతో కూడిన వేటకు కొంత చోటు ఉంచింది. 1991 సవరణ ఆ వెసులుబాటునూ తొలగించింది. అప్పటినుండి పొట్టకూటి వేటకు మిగిలిన పేరు ‘దొంగవేట’ ఒక్కటే. పేరు మారినంతమాత్రాన వేట ఆగలేదు. మంగళజోడిలో తుపాకులు, వలలు, విషం వాడి పక్షులను పట్టి అమ్మేవారు. 1990ల చివరినాటికి అక్కడి పక్షులు ఐదు వేలకు పడిపోయాయని అంచనా.

అయితే ఈ పతనాన్నంతా వేటగాడి ఖాతాలో వేయడం సరికాదు. అదే కాలంలో ఒండ్రు పూడికతో సరస్సుకూ సముద్రానికీ మధ్య దారి కుంచించుకుపోయింది. నీటిలో ఉప్పదనం తగ్గి కలుపు విస్తరించింది. 1993లో చిలికాను ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల మాంట్రూ పట్టికలో చేర్చారు. పక్షులు తగ్గితే వేటలో శ్రమ పెరిగి రాబడి తగ్గుతుంది. ఆ నష్టాన్ని మొదట అనుభవించేది వేటగాడే.

వేటగాడే కాపరి

2000లో స్థానికులతో శ్రీ శ్రీ మహావీర్ పక్షి సురక్షా సమితి ఏర్పడింది. వైల్డ్ ఒరిస్సా సంస్థకు చెందిన నందకిశోర్ భుజబల్ ఈ మార్పులో ముఖ్య పాత్ర వహించారు. అదే ఏడాది సెప్టెంబరులో చిలికాకు కొత్త సముద్ర ముఖద్వారం తవ్వారు. 2002లో సరస్సు మాంట్రూ పట్టిక నుండి బయటపడింది. మాజీ వేటగాళ్లు గస్తీ తిరిగేవారుగా, పడవ నడిపేవారుగా, సందర్శకులకు మార్గదర్శకులుగా మారారు. తరువాతి సంవత్సరాల్లో మంగళజోడి పక్షులు మూడు లక్షల వరకు చేరినట్లు అంచనాలున్నాయి.

ఇక్కడ గమనించవలసింది హృదయ పరివర్తన ఒక్కటే కాదు. పిట్టను కాల్చడానికి అవసరమైన విద్యే దాన్ని చెదరకుండా చూపించడానికీ పనికివచ్చింది. కూత విని జాతిని పోల్చడం, చప్పుడు లేకుండా పడవ తోయడం కొత్తగా నేర్పవలసినవి కావు. బయటినుండి కాపలాదారులను తెచ్చి ఉంటే ఈ జ్ఞానం వృథా అయ్యేది.

లెక్కలు చెప్పేవి, చెప్పనివి

చిలికా మొత్తంలో 2024, 2025 జనవరి గణనలు రెండింటిలోనూ పక్షుల సంఖ్య పదకొండు లక్షలు దాటింది. రొయ్యల, చేపల పెంపకానికి సరస్సులో అక్రమంగా కట్టిన ఘేరీల తొలగింపు కూడా ఈ వృద్ధికి తోడ్పడిందని భావిస్తున్నారు. కానీ ఒక సరస్సులో సంఖ్య పెరిగితే జాతి పెరిగినట్లు కాదు. మరొక చిత్తడి చెడిపోయినందువల్ల పక్షులు ఇటు మళ్లి ఉండవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లోని కొల్లేరునే తీసుకుంటే, లోతు తక్కువ నీటిపట్టు చేపల చెరువుగా మారి గట్లు నిటారుగా లేచినచోట మునగని బాతుకు మేత అందదు. 2006లో అక్రమ చెరువుల గట్లను తెంచిన ‘ఆపరేషన్ కొల్లేరు’ సమస్యను గుర్తించింది గాని పూర్తిగా తీర్చలేదు. గణన అన్నది ఆ వేళకు పక్షి ఎక్కడున్నదో చెబుతుంది, ఎందుకున్నదో చెప్పదు.

మంగళజోడి కాపరి పరిస్థితి ఇక్కడే సున్నితమైనది. వేటగాడుగా ఉన్నప్పుడు అతని రాబడి బాతు రాకపై ఆధారపడింది. కాపరి అయ్యాక కూడా అంతే. సైబీరియా గూళ్లలో కరవు వచ్చినా, ఉత్తరాన చలి ఆలస్యమై పక్షులు దారిలోనే ఆగిపోయినా, ఎగువ నదుల నీరు పెరిగి చిత్తడి లోతెక్కినా, సందర్శకుల పడవ ఖాళీగా ఉండిపోతుంది. వీటిలో ఏదీ అతని చేతిలో లేదు. పర్యాటకం నడిచేది చలికాలపు కొద్ది నెలలే. బాతులు ఉత్తరానికి లేచిపోయాక ఊరికి ఆధారం మళ్లీ సరస్సులోని చేపే.