బీజగణిత పదములు – వాని యర్థములు

అంకెలతో చక్కగా లెక్కలు చేయువారు సయితము లెక్కలో నొక యక్షరము కనబడినంతనే కలము దింపుచున్నారు. ఈ భయమునకు మూలము పదముల యర్థ మెఱుగకపోవుటయే.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములందు మన మెఱిగిన పంటనే యుదాహరణముగా గొందము. ఒక రైతు సమానమగు తూకముగల 5 బస్తాల వేరుసెనగలను, విడిగా 12 కిలోలను అంగడికి దెచ్చెను. గోనెల బరువు విడువగా మొత్తము 212 కిలోలు తూగెను. ఒక్కొక్క బస్తా యెన్ని కిలోలు? ఆ తెలియని సంఖ్యను 'బ' యనుకొన్నచో,

5బ + 12 = 212.

ఇందు 'బ' అవ్యక్తరాశి. లెక్కనుబట్టి దీని విలువ మాఱును గావున దీనినే చరరాశి యందురు. మాఱని 12 స్థిరరాశి. 'బ'ను గుణించు 5 గుణకము. సంకలన చిహ్నముచే వేఱుపడిన 5బ, 12 అనునవి పదములు. వాని కూర్పగు 5బ + 12 బీజీయ సమాసము. ఇరుపక్షములు సమానమని తెలుపునది సమీకరణము.

ఇచ్చట నొక హెచ్చరిక. 'బ' యనగా బస్తా కాదు. ఒక బస్తాలోని కిలోల సంఖ్య. ఇది మఱచినవారే 5బ + 12 ను 17బ యని వ్రాయుదురు. అప్పుడు విడిగా నున్న 12 కిలోలు 12 బస్తాలై, 212 కిలోల సరకు 680 కిలోలగును! అట్టి పద్దు నే వర్తకుడు నమ్మును? 5బ, 3బ సజాతి పదములు. కలిపిన 8బ యగును. 5బ, 12 విజాతి పదములు. అవి యొక్కటి కానేరవు.

ఈ పొరపాటు కలుగకుండ మన పూర్వులు జాగ్రత్తపడిరి. 1150 ప్రాంతమున 'బీజగణితము' రచించిన భాస్కరాచార్యుడు అవ్యక్తరాశులను యావత్తావత్తు, కాలకము, నీలకము అని పిలిచి, యా, కా, నీ యను తొలి యక్షరములతో గుర్తించెను. తెలిసిన సంఖ్యకు 'రూ' యను గుర్తు నుంచెను. గుర్తులే వేఱగుటచే రెండును కలిసిపోవు భయము లేదు.

1948కి పూర్వము హైదరాబాదు సంస్థానపు ఉన్నత పాఠశాలలలో ఉర్దూ బోధనభాషగా నుండెను. ఉర్దూలో నీ శాస్త్రమునకు 'జబ్రో ముకాబలా' యని పేరు. 9వ శతాబ్దమున బాగ్దాదునందలి అల్ ఖ్వారిజ్మీ రచించిన గ్రంథమునుండి యా పేరు వచ్చినది; ఆంగ్లమునందలి 'ఆల్జీబ్రా'యు నందుండి పుట్టినదే. 'జబ్ర్' అనగా లోపించినదానిని పూరించుట. 'ముకాబలా' యనగా నెదురెదుర నుంచి సరిచూచుట. ఇరుపక్షములనుండి సమానమైనదానిని తొలగించుట.

మన లెక్కకు వలసినది రెండవదియే. ఇరుపక్షములనుండి 12 తీసివేయగా 5బ = 200. ఇరుపక్షములను 5చే భాగింపగా బ = 40. ఇదియే సాధన. 40ని మరల మొదటి సమీకరణమున నుంచి సరిచూడుడు: 200 + 12 = 212.

కావున మిత్రులారా, లెక్కలో నక్షరము కనబడినచో బెదరక, “ఇది యే సంఖ్యకు మాఱుగా నిలిచినది?” అని మొదట ప్రశ్నించుకొనుడు. ఆ ప్రశ్నకు బదులు దొరికినచో సగము లెక్క ముగిసినట్లే.