చేతుల్లో ఉన్న చరిత్ర

నిజాం రాజ్యంలో తెలుగు కవులు పూజ్యమన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మందితో గోలకొండ కవుల సంచిక అచ్చువేసి జవాబు చెప్పాడు. ఆయన గద్వాల సీమ మనిషి. 1952లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికయ్యాడు. తాటాకు మీదనో కాగితం మీదనో ఉన్నదాన్ని ఏరి కూర్చడం సాధ్యమే. కాగితానికే ఎక్కని భాష మాటేమిటి? కావ్యాలనూ సామెతలనూ సాక్ష్యంగా పిలిచిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ పద్ధతిలో వెతికితే బధిరుడు మనకు దొరుకుతాడు, శంఖం ముందు నిలబడి. అతను చెప్పుకున్నది మాత్రం దొరకదు.

సైగలు భాష కాదన్న అభిప్రాయానికి అధికార బలం కూడా ఉండేది. 1880లో మిలాన్‌లో సమావేశమైన ఉపాధ్యాయులు బధిరుల చదువులో నోటిమాటకే పెద్దపీట వేసి సైగలను తోసిపుచ్చారు. తమ భాష అంతరిస్తుందన్న భయంతో అమెరికా బధిరుల సంఘం కెమెరాను ఆశ్రయించింది. 1913లో జార్జ్ వెడిట్జ్ సైగల్లో చేసిన ప్రసంగం ఫిల్ము మీద ఉన్నందువల్లనే నేటికీ మిగిలింది. ఆ సైగలకు వ్యాకరణం ఉందని విలియం స్టోకీ 1960లో నిరూపించాడు. అంటే బధిరులు ఆ భాషను భద్రపరచిన 47 ఏళ్లకు పండితులు దాన్ని గుర్తించారన్నమాట!

కెమెరా ఉంటే చాలనుకోవడం కూడా పొరపాటే. గద్వాలలో ఒక బధిర నేతకారుడి దగ్గర నాకిది తెలిసివచ్చింది. నూలు చీరకు పట్టు అంచును మగ్గం మీదే కలిపే కుప్పడం పని ఆయనది. పని ఎట్లా నేర్చుకున్నాడో ఐదారు నిమిషాలు చేతులతో చెప్పాడు. “వాళ్ల నాయన దగ్గర నేర్చుకున్నడంట సారూ” అని భార్య ఒక్క ముక్కలో తేల్చేసింది. నేను అదే రాసుకున్నాను. ఫోనులో తీసింది చూపిస్తే ఆయన మొహం చిట్లించాడు. మగ్గం పడింది, మొహం పడింది, చేతులు సగం బయటే ఉన్నాయి. ఫోను లాక్కుని గోడకు ఆనించి, వెనక్కి జరిగి మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి ఆమెను ఆపి ఆపి అడిగాను. తండ్రి దెబ్బలు, తెగిన పోగును వేలికొసతో కనిపెట్టడం, కూలి లెక్కలో మోసపోయిన ఏడాది, అన్నీ ఉన్నాయి అందులో.

ఢిల్లీలో 2015లో ఏర్పడిన భారత సంజ్ఞాభాషా కేంద్రం 2021 నాటికి పదివేల పదాల వీడియో నిఘంటువు తెచ్చింది. అవసరమైన పని. అయితే బడికి పోని నేతకారుడు తన ఇంట్లో, తన వీధిలో కల్పించుకున్న సైగలు అందులో ఉంటాయని ఆశించలేం. నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాలల సాహిత్య విద్యార్థులు సేకరించవలసింది వీటినే. రెండు చేతులూ మొహమూ చట్రంలో ఉండాలి. కనుబొమల కదలికలోనే ప్రశ్న ఉండవచ్చు. తేదీ, ఊరు, దుబాసీ ఎవరన్నది రాయాలి. చెప్పినవాడి అనుమతి, చెప్పినవాడికి ఒక ప్రతి – ఇవి తప్పనిసరి.

మన సంగతీ చూసుకుందాం. ‘సిరిసిరిమువ్వ’ (1976) మూగ నాయిక మీద జాలి పుట్టించిందని సినిమాను విమర్శిస్తాం. పీడితుణ్ణి ‘మూగ’ అనీ, పాలకుణ్ణి ‘చెవిటి’ అనీ మన కవిత్వంలో ఎన్నిసార్లు అనలేదు? నేనూ అన్నాను. ఆ నేతకారుడు పీడితుడే, కాని మూగవాడు కాడు; వినిపించుకోవడం రానివాణ్ణి నేను.

మొదటి వీడియోను చెరపలేదు. ఆమె చెప్పిన ఒక్క ముక్కతో సహా రెండోదాని పక్కనే దాచాను.