చికిత్సకు ముందు దినములు: పంచాయతీ కర్తవ్యము

నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల రైతు అరికాలిలో నల్లని మచ్చ కనబడినచో ముల్లు విరిగినదనియో, ఆనెకాయ యనియో తలచును. ఆ మచ్చ పెరుగుచు, రంగు మారుచు, పుండైనచో అది మెలనోమా యను చర్మపు క్యాన్సరు కావచ్చును. మన దేశమున ఇది అరుదు; వచ్చినప్పుడు తరచుగా అరికాళ్లయందు, గోళ్ల క్రింద కన్పించును.

వ్యాధి నిర్ధారణయైన పిదప శస్త్రచికిత్సకు కొన్ని దినములు వేచియుండవలసి వచ్చును. ఈ కాలము వృథా కాదు. మచ్చ ఎంత లోతునకు దిగినదో, గజ్జలలోని బిళ్లలకు ప్రాకినదో లేదో పరీక్షించియే వైద్యులు చికిత్సను నిర్ణయింతురు. అయినను రోగికి ఒక్కొక్క రాత్రి ఒక్కొక్క యుగముగా గడచును. ఆ భయములో పసరు పూయుట, వాత పెట్టుట, మచ్చను కోయుట తగదు.

ఇచ్చట మన కర్తవ్యము కలదు. 2007 ఏప్రిలు 1న మహబూబ్‌నగర్‌తో సహా మూడు జిల్లాలలో ఆరంభమైన ఆరోగ్యశ్రీ క్రింద క్యాన్సరు చికిత్స లభించును. పత్రములు సిద్ధపరచుటకును, హైదరాబాదులోని మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సరు ఆసుపత్రికి తోడు పోవుటకును ఒక సభ్యుని నియమింతము. ఇది అంటువ్యాధి కాదని వాడవాడకును చెప్పుదము. రోగి పొలము పనిని ఇరుగుపొరుగువారు పంచుకొనునట్లు చూతము. దిగులు మితిమీరినచో మానసిక ఆరోగ్య సహాయమునకు 14416 నంబరుకు ఫోను చేయింతము. జాప్యము తోచినచో ఆసుపత్రినే అడుగుదము. వైద్యులిచ్చిన తారీఖు తప్పకుండ చూచుట పంచాయతీ బాధ్యతగా స్వీకరింతము.