గేర్‌బాక్సుకు తగిన ఆయిల్ ఏది?

కావలి నుంచి నెల్లూరు మీదుగా చెన్నై వైపు సాగే 16వ నంబరు జాతీయ రహదారి పక్కన మెకానిక్ షెడ్లకు కొదవ లేదు. వాటి అరల మీద గేర్ ఆయిల్ డబ్బాలు రకరకాల అంకెలతో కనిపిస్తాయి: 75డబ్ల్యూ-80, 80డబ్ల్యూ-90, 85డబ్ల్యూ-140, జీఎల్-4, జీఎల్-5. వీటి మధ్య తేడా ఏమిటో కారు యజమానుల్లో చాలామందికి తెలియదు. తెలియనప్పుడు రెండు నమ్మకాలు ముందుకొస్తాయి. చిక్కటి ఆయిల్ గట్టిదనేది ఒకటి, పెద్ద అంకె వేసిన ఆయిల్ మేలైనదనేది రెండోది. మాన్యువల్ గేర్‌బాక్సు విషయంలో ఈ రెండు నమ్మకాలూ నిలవవు. ఎందుకు నిలవవో తెలియాలంటే, ఆ ఇనుప పెట్టె లోపల ఆయిల్ చేసే పని ఏమిటో ముందు చూడాలి.

ఒకే ఆయిల్, రెండు ఎదురెదురు పనులు

రెండు గేరు పళ్లు ఒకదానితో ఒకటి కలిసే చోటు సన్నటి గీతంత మాత్రమే ఉంటుంది. ఇంజిన్ బలమంతా ఆ గీత మీదుగానే చక్రాలకు చేరాలి. అందుకే అక్కడి ఒత్తిడి వాతావరణ పీడనానికి పదివేల రెట్ల దాకా పోతుంది. అంత ఒత్తిడిలో ఆయిల్ క్షణకాలం దాదాపు ఘనపదార్థంగా బిగుసుకుంటుంది. ఒక మైక్రాన్ కంటే పలుచని పొరగా నిలిచి, లోహాన్ని లోహం తాకకుండా కాపాడుతుంది. తల వెంట్రుక మందంలో ఆ పొర యాభయ్యో వంతు కూడా ఉండదు. ఇక్కడ ఆయిల్ ఎంత జారుడుగా ఉంటే అంత మంచిది.

అదే పెట్టెలో కొద్ది సెంటీమీటర్ల దూరంలో పరిస్థితి తారుమారవుతుంది. గేరు మార్చేటప్పుడు వేర్వేరు వేగాలతో తిరుగుతున్న రెండు భాగాలను ఒకే వేగానికి తేవాలి. పూర్వం డ్రైవర్లు క్లచ్‌ను రెండుసార్లు తొక్కి, యాక్సిలరేటర్‌తో వేగాన్ని సరిచూసి, చెవితో విని గేరు వేసేవారు. 1928లో అమెరికాలో కాడిలాక్ కార్లలో సింక్రోమెష్ ఏర్పాటు వచ్చాక ఆ నేర్పుతో అవసరం తగ్గిపోయింది. ఇందులో ముఖ్యమైన భాగం సింక్రో రింగు. చాలా కార్లలో ఇది ఇత్తడిది. విప్పిన రింగును చేతిలోకి తీసుకుని లోపలి వాలు మీద గోరు పెట్టి గీస్తే మరచుట్లలాంటి సన్నటి గాడులు తగులుతాయి. గేరు లివరును నెట్టినప్పుడు ఈ రింగు ఒక ఉక్కు శంకువు మీద నొక్కుకుంటుంది. గాడులు మధ్యలోని ఆయిల్‌ను కోసి పక్కకు తోసేస్తాయి. అప్పుడు పుట్టే ఘర్షణ వల్లే రెండు వేగాలూ కలిసి, గేరు మెత్తగా పడుతుంది.

అంటే పళ్ల దగ్గర ఘర్షణ ఉండకూడదు, రింగు దగ్గర ఘర్షణ ఉండి తీరాలి. ఆయిల్ మాత్రం ఒకటే. మరీ జారుడుగా ఉంటే రింగు పట్టు దొరకక జారిపోతుంది, గేరు గరగరమంటుంది. మరీ చిక్కగా ఉంటే గాడులు దాన్ని సకాలంలో తోసెయ్యలేవు, గేరు బిగుసుకుంటుంది. తగిన ఆయిల్‌ను ఎంచుకోవడమంటే ఈ రెండు అవసరాల మధ్య కంపెనీ ఇంజనీర్లు కుదిర్చిన సమతూకాన్ని చెడగొట్టకుండా ఉండడమే.

చిక్కదనాన్ని చెప్పే అంకె

డబ్బా మీద ముందుగా కనిపించే 75డబ్ల్యూ-90 వంటి అంకెలు స్నిగ్ధతను, అంటే చిక్కదనాన్ని చెబుతాయి. అమెరికాకు చెందిన ఎస్ఏఈ సంస్థ రూపొందించిన జె306 ప్రమాణం వీటికి ఆధారం. డబ్ల్యూ అక్షరంతో ఉన్న మొదటి అంకె చలికి సంబంధించినది. 75డబ్ల్యూ ఆయిల్ సున్నాకు దిగువన 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర కూడా నిర్ణీత పరిమితికి మించి చిక్కబడకూడదు. 80డబ్ల్యూకు ఆ పరీక్ష మైనస్ 26 డిగ్రీల దగ్గర, 85డబ్ల్యూకు మైనస్ 12 డిగ్రీల దగ్గర జరుగుతుంది. రెండో అంకె 100 డిగ్రీల వేడిలో ఆయిల్ ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. 90 నంబరు ఆయిల్ స్నిగ్ధత ఆ వేడిలో 13.5 నుంచి 18.5 సెంటీస్టోక్స్ మధ్య ఉండాలి. 140 నంబరుకు అది 24 నుంచి 32.5 వరకు. పోల్చి చూడాలంటే, గది వేడిలో నీటి స్నిగ్ధత సుమారు 1 సెంటీస్టోక్.

ఇక్కడే చాలామంది ఒక పొరపాటు పడతారు. ఇంజిన్ ఆయిల్ అంకెలకూ గేర్ ఆయిల్ అంకెలకూ కొలబద్దలు వేరు. ఇంజిన్ ఆయిల్‌లో 40 నంబరు అంటే 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్, 50 నంబరు అంటే 16.3 నుంచి 21.9. అంటే 90 నంబరు గేర్ ఆయిల్, 40 లేదా 50 నంబరు ఇంజిన్ ఆయిల్ అంత చిక్కగానే ఉంటుంది, రెట్టింపు కాదు. 1959లో వచ్చిన బ్రిటిష్ మినీ కారులో ఇంజిన్‌కూ గేర్‌బాక్సుకూ ఒకే ఆయిల్ సరిపోవడానికి ఇదొక కారణం. హోండా వంటి కంపెనీలు తమ గేర్‌బాక్సులకు పలుచని ప్రత్యేక ఆయిల్ తయారు చేయిస్తాయి. పలుచగా ఉంది కదా అని అనుమానించి దాని బదులు 90 నంబరు పోస్తే నష్టమే మిగులుతుంది.

నెల్లూరులో డిసెంబరు తెల్లవారుజామున కూడా చలి గడ్డకట్టించే స్థాయికి పోదు, మే నెలలో 40 డిగ్రీలు దాటడం మామూలే. కాబట్టి మైనస్ 40 పరీక్ష మనకెందుకని అడగవచ్చు. చలికి భయపడి 75డబ్ల్యూ ఎంచుకోనక్కర లేదన్నది నిజమే. అంతమాత్రాన ఎండ ఎక్కువని 75డబ్ల్యూ-80 స్థానంలో 85డబ్ల్యూ-140 పోయడం సరికాదు. పరిగెత్తే కారు గేర్‌బాక్సులో ఆయిల్ వేడి బయటి ఎండ కంటే ఎంతో ఎక్కువగా ఉంటుంది. ఆ సంగతిని దృష్టిలో పెట్టుకునే కంపెనీ రెండో అంకెను నిర్ణయిస్తుంది. దాన్ని మించి చిక్కబరిస్తే పొద్దున్నే మొదటి గేరు, రెండో గేరు మొరాయిస్తాయి. ఆయిల్‌ను చిలకడానికే కొంత ఇంధనం ఖర్చవుతుంది.

బలాన్ని చెప్పే అంకె

డబ్బా మీది రెండో గుర్తు జీఎల్-4, జీఎల్-5 వంటిది. ఇది అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ వర్గీకరణ. ఆయిల్ ఏ రకం గేర్లకు, ఎంత బరువుకు పనికొస్తుందో ఇది చెబుతుంది. జీఎల్-5 అనేది జీఎల్-4కు మెరుగుపరచిన రూపమని అనుకోవడమే అసలు చిక్కు. నిజానికి ఆ రెంటి పనులు వేరు.

1920ల రెండో సగంలో అమెరికాలో ప్యాకార్డ్ కార్లతో హైపాయిడ్ గేర్లు వాడుకలోకి వచ్చాయి. వెనుక యాక్సిల్‌లోని క్రౌన్ అనే పెద్ద గేరు మధ్య గీతకు కాస్త కిందుగా, దాన్ని తిప్పే చిన్న గేరైన పినియన్‌ను అమర్చడం ఇందులోని ప్రత్యేకత. దీనివల్ల ప్రొపెల్లర్ షాఫ్టు కిందికి దిగి, కారు నేల కూడా దిగింది. అయితే ఈ గేర్ల పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లడంతో పాటు పొడవునా గట్టిగా రాసుకుంటాయి కూడా. ఆ రాపిడికి మామూలు ఆయిల్ పొర తుడిచిపెట్టుకుపోతుంది. అందుకే గంధకం, భాస్వరం కలిసిన రసాయనాలను ఆయిల్‌లో చేర్చారు. లోహం వేడెక్కిన చోట గంధకం ఇనుముతో చర్య జరిపి ఐరన్ సల్ఫైడ్ పొరను ఏర్పరుస్తుంది. పళ్లు అతుక్కుని చీలిపోవడానికి బదులు ఈ పొర అరిగి రక్షిస్తుంది. ఒకప్పుడు గంధకం కలిపిన స్పెర్మ్ తిమింగలం నూనెను కూడా ఇందుకు వాడేవారు. 1970ల ఆరంభంలో అమెరికా దాన్ని నిషేధించాక ఇతర రసాయనాలు దాని స్థానంలోకి వచ్చాయి.

హైపాయిడ్ గేర్ల కోసం ఉద్దేశించిన జీఎల్-5లో ఈ రసాయనాలు ఎక్కువ. జీఎల్-4లో సాధారణంగా అందులో సగమే ఉంటాయి. గంధకం ఇనుమును కాపాడినట్టు రాగిని కాపాడదు. ఇత్తడిలో రాగి ఉంది. దీన్ని పరీక్షించే పద్ధతి చాలా సరళం. మెరుగుపెట్టిన రాగి రేకును ఆయిల్‌లో ముంచి, 121 డిగ్రీల దగ్గర మూడు గంటలు ఉంచి బయటికి తీస్తారు. లేత నారింజ రంగులోనే మిగిలితే ఆయిల్ మంచిది. నెమలి రంగులు, ముదురు గోధుమ, చివరికి నలుపు వచ్చాయంటే గంధకం రాగిని తింటున్నట్టే. నేటి జీఎల్-5 ఆయిల్స్‌లో రాగికి హాని తగ్గించే రసాయనాలు కలుపుతున్నందున వెనుకటంత ప్రమాదం లేదు. అయినా సింక్రో రింగుకు కావలసిన ఘర్షణ లక్షణం వాటిలో ఉంటుందన్న హామీ లేదు. రింగు జారడానికి ఆ ఒక్క లోపం చాలు.

కాబట్టి ఏ కారుకు ఏది అన్న ప్రశ్నకు జవాబు కారు నిర్మాణంలోనే ఉంది. 2014 దాకా తయారైన అంబాసిడర్ వంటి వెనుక చక్రాల కారులో గేర్‌బాక్సు వేరు, హైపాయిడ్ గేర్లున్న వెనుక యాక్సిల్ వేరు. యాక్సిల్‌కు జీఎల్-5 తగినది. 1983లో వచ్చిన మారుతి 800 నుంచి నేటి చిన్న కార్ల దాకా ఇంజిన్‌ను అడ్డంగా అమర్చి ముందు చక్రాలను నడిపే కార్లలో గేర్‌బాక్సూ డిఫరెన్షియలూ ఒకే పెట్టెలో ఉంటాయి. వాటిలో హైపాయిడ్ గేర్లు ఉండవు, ఏటవాలు పళ్ల గేర్లే ఉంటాయి. అందుకే ఈ తరహా కార్లలో చాలావాటికి కంపెనీలు జీఎల్-4నే సూచిస్తాయి. 2014లో మారుతి సెలెరియోతో మన దేశంలో ప్రచారంలోకి వచ్చిన, గేర్లను తామే మార్చుకునే ఏఎంటీ కార్లలోనూ లోపలిది మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ పెడల్ లేదని వాటిలో ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్ పోయకూడదు.

మన తీరానికి ప్రత్యేకమైన సంగతులు

నెల్లూరు తీరంలో గేర్‌బాక్సుకు ఎండ కంటే నీరే పెద్ద శత్రువు. ఇక్కడ అధిక భాగం వర్షం అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతో కురుస్తుంది. 2021 నవంబరులో పెన్నా వరద పడుగుపాడు దగ్గర జాతీయ రహదారినీ రైలు పట్టాలనూ కోసివేసింది. అంత పెద్ద వరద రాకపోయినా, తుపాను రోజుల్లో తీర గ్రామాల రోడ్ల మీద మోకాలి లోతు నీళ్లలో కార్లు నడపడం కొత్తేమీ కాదు. వేడి గేర్‌బాక్సు నీళ్లలో దిగగానే చల్లబడుతుంది, లోపలి గాలి కుంచించుకుంటుంది. అప్పుడు గాలి ఆడే బ్రీదర్ గొట్టం నుంచి, పాతబడ్డ సీళ్ల నుంచి గేర్‌బాక్సు బయటి నీటిని లోపలికి పీల్చుకుంటుంది. ఆ ఆయిల్‌ను కొద్దిగా బయటికి తీస్తే పాలు కలిపిన టీలా కనబడుతుంది. అలాంటిది ఎంత ఖరీదైన ఆయిలైనా, నిన్న పోసినదైనా వెంటనే మార్చాల్సిందే. నీరు చేరిన ఆయిల్ పొర తెగుతుంది, బేరింగులు తుప్పు పడతాయి.

రెండో సంగతి మిగులు డబ్బాలు. ముత్తుకూరు, ఇందుకూరుపేట ప్రాంతాల రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లకు గేర్‌బాక్సులున్నాయి. కృష్ణపట్నం రేవుకు తిరిగే లారీల యాక్సిళ్లకు చిక్కటి ఆయిల్ కావాలి. ఆ అవసరాలకు కొన్న ఆయిల్ సగం మిగిలిందని ఇంట్లో కారుకు పోయించే అలవాటు మంచిది కాదు. ఆ యంత్రాలకు అది తగినదే కావచ్చు, సింక్రో రింగులున్న కారుకు కాదు.

మార్పించేటప్పుడు

ఆయిల్ మార్చే ముందు నింపే బోల్టును ముందు విప్పాలి, కింది డ్రెయిన్ బోల్టును తర్వాతే విప్పాలి. ఉప్పుగాలికి నింపే బోల్టు తుప్పుపట్టి బిగుసుకుని ఉంటే, ఆయిల్ కారిపోయాక ఆ సంగతి బయటపడి లాభం లేదు. డ్రెయిన్ బోల్టుకు అయస్కాంతం ఉంటే దాన్ని చూడడం మరవకూడదు. నల్లటి మెత్తటి ఇనుప నూగు సహజమైన అరుగుదల. గుచ్చుకునే ముక్కలు దొరికితే పన్ను విరిగిందన్నమాట. ఇత్తడి అయస్కాంతానికి అంటదు, కాబట్టి కారిన ఆయిల్‌ను ఎండలో చూడాలి. బంగారు రంగు మెరుపు ఎక్కువగా కనబడితే సింక్రో రింగులు అరుగుతున్నాయి. కారు చదునుగా నిలిచి ఉండగా, నింపే రంధ్రం అంచు దాకా కొత్త ఆయిల్ రావాలి. తక్కువైతే పై బేరింగులు ఎండిపోతాయి, ఎక్కువైతే నురగ పట్టి సీళ్ల నుంచి కారుతుంది.

గేరు పడకపోవడానికి ఎప్పుడూ ఆయిలే కారణం కాదు. ఇంజిన్ ఆపినప్పుడు తేలిగ్గా పడే గేరు, ఇంజిన్ నడుస్తుండగా బిగుసుకుంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదేమో ముందు చూడాలి. ఆ లోపాన్ని ఏ ఆయిలూ సరిచేయలేదు.

కారుతో వచ్చిన యజమాని పుస్తకంలో గేర్‌బాక్సుకు వాడాల్సిన స్నిగ్ధత అంకె, జీఎల్ అంకె, లీటర్ల పరిమాణం, మార్చాల్సిన గడువు నాలుగూ అచ్చయి ఉంటాయి. వాటిని ఒక కాగితం మీద రాసి కారులో ఉంచుకోండి. షెడ్డుకు వెళ్లినప్పుడు "మంచి ఆయిల్ పొయ్యండి" అనకుండా ఆ అంకెలనే చదివి వినిపించండి, మూత తీసే ముందు డబ్బా మీద అవే ఉన్నాయో లేదో మీ కళ్లతో చూసుకోండి.